మెల్లకన్ను పాలెగాడు

మా ఇంట్లో ఒళ్ళు నాది, మొహం మా అక్కది. నవ్వకండి, ఉన్నమాటే చెబుతున్నాను. బొటనవేలంత సీసపు మనిషి. వాడి కాళ్ళకు చెప్పులు, మోకాళ్ళ పైకి ఎగదోపిన పంచె, నడుముకు కత్తి, తలకు రుమాలు, వీపున నల్ల కంబళి, ఆ కంబళికి సన్నటి ఎర్రంచు, ఇవన్నీ నంద్యాలలో కూచుని నేను రాయాలి. రాసి, ఆరబెట్టి, బిస్కెట్ల డబ్బాలో దూది మధ్య పేర్చి ఆళ్ళగడ్డ బస్సెక్కించాలి. అక్కడ మా అక్క తీరిగ్గా ముక్కూ మూతీ మీసమూ కన్నూ పెట్టి పంపుతుంది. డబ్బా తిరిగి రాగానే మా ఆయన మూత తీసి, ఒక్కొక్కణ్ణీ వెలుతురుకు పట్టి చూసి, "అబ్బ! వదిన చెయ్యి చెయ్యే" అనేవారు. సొమ్మొకడిది సోకొకడిది అని పెద్దలు ఊరికే అన్నారా?

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. నంద్యాల బజారులో మాకు రంగులూ మేకులూ తాళాలూ అమ్మే కొట్టు ఉండేది. కొట్టు ముందు, ఇల్లు వెనక. మా వీధి చివర సంజామల పక్క నుంచి వచ్చిన ఒక పెద్దాయన కాపురం ఉండేవాడు. పెద్ద యుద్ధంలో ఎడారి దేశాలకు పోయి వచ్చి పింఛను పుచ్చుకుంటున్నవాడు. అందరికీ ఆయన సుబేదారన్న. ఆ ఎడారిలో తెల్ల ఆఫీసర్లు పొద్దుపోక బల్ల మీద సీసపు సిపాయిలను బారులు తీర్చి, టేపుతో అడుగులు కొలిచి, పాచికలేసి, పాతకాలపు యుద్ధాలు మళ్ళీ ఆడుకునేవారట. ఈయన వెనక నిలబడి చూసి చూసి ఆట పట్టేశాడు. దేశానికి తిరిగి వచ్చేటప్పుడు ఒక ఆఫీసరు ముచ్చటపడి, ఎర్రకోట్లు తొడిగిన ఇంగ్లీషు సిపాయిలున్న పెట్టె ఒకటి బహుమానంగా ఇచ్చాడట. అవి ఇంగ్లండు నుంచి రంగులతో సహా తయారై వచ్చినవి. ఒకనాడు గొళ్ళెం కొనడానికి కొట్టుకు వచ్చి ఈ కథంతా మా ఆయనకు చెప్పి, నా కాపురంలో నిప్పులు పోసిపోయాడు మహానుభావుడు.

"ఎర్రకోటోళ్ళు నా దగ్గరుండారు శెట్టీ. వాళ్ళతో కొట్లాడేటోళ్ళు లేరు. అదే చిక్కు" అన్నాడట.

మా రేనాటి సీమలో ఆ మాట అంటే ఇంకేముంది! తెల్లదొరల మీద తిరగబడి ఉరికంబమెక్కిన పాలెగాడి కథ ఇక్కడ పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. మా ఆయనకైతే ఆ కథంటే ప్రాణం. లెక్కలు చూసుకునే మనిషి కాస్తా కత్తులూ బల్లేలూ అంటూ కూచున్నారు. పాలెగాడి దండును మనమే తయారుచేసుకుందామన్నారు. కొట్టులో సీసం ఉంది, రంగులున్నాయి. అచ్చులు చెక్కేవాళ్ళు కావాలి. దానికి ఆళ్ళగడ్డ ఉండనే ఉంది, అక్కడి శిల్పులు చెయ్యి పెడితే రాయి మైనమైపోతుంది. మెత్తటి బలపపు రాయిని రెండు చెక్కలుగా తీసుకుని, లోపల మనిషి ఆకారం తొలిచి ఇస్తారు. ఆ రెండు చెక్కలూ కలిపి కట్టి, పైనున్న బెజ్జంలోంచి కరిగిన సీసం పోస్తే మనిషి దిగుతాడు. ఆ అచ్చుల కోసం మా ఆయన ఆళ్ళగడ్డ పోయారు. పోయి, మా అక్కా వాళ్ళింట్లో దిగారు. దిగకుండా ఉంటే నాకు ఈ కథే లేదు.

మా అక్క నాకంటే పెద్దది. ఆమె మొగుడికి ఆళ్ళగడ్డలో బట్టల అంగడి. ఇల్లు శిల్పుల వీధి పక్కనే. వంటింటి కిటికీ తీస్తే రాళ్ళు చెక్కేవాళ్ళు కనిపిస్తారు. పొద్దస్తమానం ఆ ఉలి చప్పుళ్ళు వింటూ, ఆ బొమ్మల మొహాలు చూస్తూ ఉండేది. శిల్పులు అచ్చు సరిచూడటానికి పోసిచ్చిన సీసపు మనిషిని మా ఆయన జేబులోంచి తీసి చూపిస్తే, ఇట్లా ఇవ్వమని తీసుకుని, నిలబడ్డ పాటున దానికి మొహం దిద్దిందట. మా ఆయన దాన్ని చొక్కా జేబులో గుండె దగ్గర పెట్టుకుని బస్సులో నంద్యాల వచ్చారు. ఇంట్లో అడుగుపెట్టి చెప్పులైనా విడవకుండా, "ఇదిగో, చూడు. మీ అక్క పెట్టిన కన్ను చూడు. నిన్నే చూస్తాంది" అన్నారు.

చూశాను. నిజంగానే నన్నే చూస్తోంది. నా ఒళ్ళు భగ్గుమంది.

ఇది ఆనాటి మంట కాదు. దొర్నిపాడులో మా నాయన అంగడి పెట్టుకుని ఉన్న రోజుల నుంచీ ఉన్న మంట. వాకిట్లో ముగ్గు వేస్తే మా అమ్మ, "అక్క చెయ్యి చూసి దిద్దవే" అనేది. పలక మీద అక్షరాలు రాస్తే, "అక్క చెయ్యి చూసి దిద్దవే." గోరింటాకు పెట్టుకున్నా అదే మాట. జడ అల్లుకున్నా అదే మాట. నేను అక్క చెయ్యి చూసి చూసి పెరిగాను తప్ప నా చేతిని నేను చూసుకున్నది లేదు. పెళ్ళయి నంద్యాల వచ్చాక ఆ మాట వినే పని తప్పిందనుకున్నాను. తప్పలేదు. బస్సెక్కి వచ్చింది.

ఇక పని ఎట్లా పంచాలో ఎవరూ నన్ను అడగలేదు. ఒళ్ళు రాయడం నా వంతుకు వచ్చింది, మొహాలు అక్క వంతుకు పోయాయి. ఒళ్ళంటే తక్కువ పనా? ముందు సీసం మీద సఫేదా అనే తెల్లపూత వేయాలి, లేకపోతే రంగు పట్టదు. అది ఆరాక పంచె తెలుపు. తెలుపంటే ఒట్టి తెలుపు పెడితే పెళ్ళికొడుకులా ఉంటాడు. దానిలో చిటికెడు మట్టిరంగు కలపాలి. కాళ్ళకు మోకాళ్ళ దాకా నల్లరేగడి. వానలో చేలల్లో నడిచొచ్చిన మా పక్క మనిషి కాళ్ళు ఎట్లా ఉంటాయో నాకు ఒకరు చెప్పాలా? అన్నిటికంటే కష్టం కంబళి. నలుపు మీద మడతల వెంట బూడిదరంగు గీత పాకాలి, అంచుకు ఎర్రదారం తిరిగినట్టు తిరగాలి. ఉడుత వెంట్రుకల కుంచెను నాలిక మీద మొన చేసుకుని, ఊపిరి పట్టుకుని గీసేదాన్ని. నోరంతా టర్పెంటాయిల్ వాసన. చారులో ఉప్పుందో లేదో కూడా తెలిసేది కాదు.

ఇంత చేసి డబ్బా పంపితే, అక్కడ ఆ మహాతల్లి ముహూర్తాలు చూసేది. శిల్పుల దగ్గర నేర్చిన పద్ధతి ఆమెకు ఒంటబట్టింది. వాళ్ళు దేవుడి విగ్రహానికి అన్నీ చెక్కి కన్ను మాత్రం ఆఖరున, మంచిరోజు చూసి తెరుస్తారు. మా అక్క మా సీసపు రైతులకు కూడా అట్లాగే తెరిచేది. మంగళవారం ముట్టదు. అమావాస్య ముందు ముట్టదు. డబ్బా రావడం ఆలస్యమైతే సుబేదారన్న మీసం దువ్వుకుంటూ, "ఏం శెట్టీ, యుద్ధానికి మూర్తం పెట్టేది మీ వదిననా?" అని ఎగతాళి చేసేవాడు. అయినా డబ్బా వచ్చాక ఆయనా మెత్తబడేవాడు. "కన్నంటే ఇదప్పా. ఎదురుగా నిలబడితే గుండెలు అదురుతాండాయి" అనేవాడు. ఆదివారం ఆట చూడటానికి వచ్చే బజారు జనం కూడా, "మొహాలు ఎవరు రాసినారు?" అని అడిగేవాళ్ళు. కంబళ్ళు ఎవరు రాశారని అడిగిన పాపాన ఒక్కడూ పోలేదు. వాళ్ళందరికీ ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు చేసి పంపేది మాత్రం నేనే.

ఒకసారి ఉండబట్టలేక అడిగేశాను.

"నా పని మీకు కనపడతాందా లేదా?"

"ఏందీ?" అన్నారు మా ఆయన.

"కంబళ్ళు. ఒక్కొక్క అంచు తిప్పేసరికి నా కళ్ళు పోతాండాయి. ఒక్కనాడన్నా బాగుందన్నారా?"

"బాగలేకుంటే చెప్పనా? చెప్పలేదంటే బాగున్నట్టే గదా."

ఇదీ వ్యాపారస్తుడి మాట. మరి అక్క పనికి మాత్రం నోరు తెరుచుకోవడమెందుకో! పొరుగింటి పుల్లకూర రుచి, అంతే. నాకు నగలు వద్దు, పట్టుచీర వద్దు. ఆ మనిషి నా పని చూసి, నోరు తెరిచి, నలుగురూ వినేట్టు "బాగుంది" అనాలి. ఆ ఒక్క మాట అక్కకు డబ్బా డబ్బాకూ పోతోంది. నాకు ఒక్కసారి కూడా రావడం లేదు. అదీ నా ఏడుపు.

అట్లా ఉండగా పాలెగాడి వంతు వచ్చింది. అప్పటిదాకా ఆడినవన్నీ చిల్లర కొట్లాటలే. ఈసారి పాలెగాడు గుర్రమెక్కి, తానే దండు నడిపే పెద్ద యుద్ధం ఆడాలని మా ఆయనా సుబేదారన్నా అనుకున్నారు. శిల్పులు గుర్రానికో అచ్చు, మనిషికో అచ్చు తొలిచి ఇచ్చారు. మా ఆయన సీసం పోశారు. నేను గుర్రానికి గోధుమరంగు వేసి, మెడ మీద జూలు ఒక్కొక్క పోగూ విడదీశాను. పాలెగాడికి అందరిలాంటి కంబళి కాకుండా, రెండు అంచులున్న కంబళి వేశాను. నా జన్మలో అంత బాగా ఏదీ రాయలేదు. డబ్బా ఆళ్ళగడ్డ పోయింది.

తిరిగి వచ్చినప్పుడు మూత తీసి చూస్తే పాలెగాడికి ముక్కుంది, ఎర్రటి పెదాలున్నాయి, గండుచీమల బారులాంటి మీసముంది. కళ్ళు లేవు. కళ్ళుండవలసిన చోట రెండు తెల్లటి మచ్చలు.

డబ్బా తెచ్చిన కండక్టరు, "మూఢం వచ్చిందంట తల్లీ. మూఢంలో కన్ను తెరవనని చెప్పమనింది మీ అక్క. మూఢం పోయినంక పంపితే తెరుస్తాదంట" అన్నాడు.

మా ఆయన తల పట్టుకున్నారు. ఆట ఆదివారానికి పెట్టుకున్నారు. ఆ తర్వాత సుబేదారన్న కూతురి కాన్పుకని ఊరికి పోతున్నాడు, ఎప్పుడొస్తాడో తెలియదు. సుబేదారన్న డబ్బాలోకి తొంగిచూసి, "గుడ్డోడు దండు ఎట్ల నడుపుతాడప్పా?" అన్నాడు.

నేను వంటింటి గడపలోనుంచి, "మూఢమూ లేదు గీఢమూ లేదు. నేను పెడతా" అన్నాను.

ఇద్దరూ నా వైపు చూశారు. మా ఆయన, "నువ్వా?" అన్నారు. ఆ ఒక్క మాటతో నాకు ఎంత రోషం వచ్చిందో, ఆ రోషంతోనే పని ముగించాను.

మధ్యాహ్నం అందరూ పడుకున్నాక, ఎండ పడే పెరటి గట్టు మీద కూచున్నాను. కుంచె పనికిరాదని తుమ్మముల్లు తెచ్చి, దాని మొన నల్లరంగులో ముంచాను. కుడికన్ను బ్రహ్మాండంగా కుదిరింది. "ఇంతేనా! దీనికేనా ఇన్నేళ్ళ భాగోతం!" అనుకున్నాను. అనుకున్నానో లేదో, ఎడమకన్ను పెట్టేటప్పుడు ఊపిరి వదిలాను. చుక్క జారి ముక్కు పక్కకు పోయి కూచుంది. తుడుద్దామంటే టర్పెంటాయిల్ కిందికి జారి అక్క పెట్టిన మీసం కూడా లేచిపోతుంది. మీసం పోతే ఇక నేను బతకాల్నా? వదిలేశాను. పాలెగాడు ఒక కంటితో ఎర్రకోట్లను చూస్తున్నాడు, ఇంకో కంటితో తన గుర్రం చెవిని చూస్తున్నాడు.

మా ఆయన సాయంత్రం దాన్ని చేతిలోకి తీసుకుని అటు తిప్పి ఇటు తిప్పి చూశారు. "ఊ" అన్నారు. పెట్టెలో పెట్టారు. బాగుందనలేదు, బాగలేదనలేదు. ఆయన లెక్క ప్రకారం చెప్పలేదంటే బాగున్నట్టే కావాలి గానీ, ఆ "ఊ" నాకు రెండు రోజులు అన్నం సయించనివ్వలేదు.

ఇది చాలదన్నట్టు, ఆ యుద్ధం చూడటానికి వదిన రావాలని కబురు పెట్టారు. "అన్ని మొహాలు రాసిన మనిషి, ఒక్కసారన్నా ఆట చూడొద్దా?" అట. మూఢం కదా, పెళ్ళిళ్ళూ పేరంటాలూ లేవు, అక్క తీరిగ్గా దిగింది. ఇంట్లోకి వస్తూనే, "ఏమే, చిక్కినావే" అంది. ఎందుకు చిక్కానో ఆమెకేం తెలుసు!

ఆట ఎట్లా ఉండేదో చెప్పాలి. నట్టింట్లో బల్లలు కలిపి, పైన ఆకుపచ్చ దుప్పటి పరిచి, కింద చాటలూ గంపలూ దోపి గుట్టలు చేసేవారు. కొట్టు వైపు తలుపు పక్క సుబేదారన్న నిలబడేవాడు. ఆయన వెనక బెంచీల మీద బజారు జనం. లోపలి తలుపు పక్క మా ఆయన. ఆయన వెనక, తలుపు చాటున ఆడవాళ్ళం. ఎర్రకోట్లు మా వైపు తిరిగి ఉండేవి, మా దండు వాళ్ళ వైపు తిరిగి ఉండేది. నాయకుడు శత్రువుకు వీపు చూపించాడంటే దండు చెదిరినట్టే, ఆట పోయినట్టే. చెయ్యి పెట్టి కదిపినదాన్ని వెనక్కి తీసుకునేది లేదు. ఒకసారి నీళ్ళచెంబు పెట్టబోయి నా కొంగు తగిలి ఒక సిపాయి పక్కకు ఒరిగితే, మా ఆయన అందరి ముందూ నన్ను కసిరారు. అంత పట్టింపు.

ఆదివారం ఆట మొదలైంది. పాచికలు దొర్లుతున్నాయి, టేపు పరుస్తున్నారు, బెంచీల మీద జనం అరుస్తున్నారు. మా అక్క తలుపు సందులోంచి తొంగి చూసింది. మెడ సాగదీసింది. మునివేళ్ళ మీద లేచింది.

"ఏమే, అందరూ వీపులే చూపిస్తాండారు!" అంది.

"దండు ఆ పక్కకు గదా తిరిగుండేది" అన్నాను.

"నా మొహాలు యాడ?"

"ఆ పక్కకు పోతే కనపడతాయి. పోతావా, అంతమంది మగోళ్ళ మధ్యకు?"

"అంతా కంబళ్ళే ఉండాయి గదే!" అంది అక్క.

అప్పుడు తట్టింది నాకు. ఇన్ని ఆదివారాలు ఆ తలుపు దగ్గరే నిలబడి కూడా తట్టలేదు. మా ఆయన నిలబడే చోటి నుంచి మొహం ఒక్కటీ కనిపించదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆయన కళ్ళ ముందు ఉండేవి నా కంబళ్ళు, నా ఎర్రంచులు, నా రేగడికాళ్ళు. అక్క మొహాలన్నీ పోయి సుబేదారన్నకు కనిపిస్తాయి. నా కడుపులో చల్ల పోసినట్టయింది. అక్క వైపు చూసి నవ్వకుండా ఉండటానికి కొంగు అడ్డం పెట్టుకున్నాను.

ఆట మాకు బాగా నడుస్తోంది. ఎర్రకోట్లు దుప్పటి అంచుదాకా వెనక్కి పోయాయి. అటు పక్కనుంచి సుబేదారన్న, "ఏం మీసాలప్పా! ఏం మీసాలు!" అంటున్నాడు. అక్కకు ప్రాణం నిలవలేదు. ఇక దాచుకోకుండా గట్టిగానే, "ఇంతదూరం వచ్చి ఒక్క మొహమన్నా చూడకుండా పోవాల్నా?" అంది.

మా ఆయన ఆ మాట విన్నారు. వెనక్కి తిరిగి తలుపు వైపు చూశారు. మళ్ళీ బల్ల వైపు తిరిగి, చెయ్యి చాపి, గుట్ట మీదున్న పాలెగాణ్ణి గుర్రంతో సహా ఎత్తి, మా తలుపుకేసి తిప్పి పెట్టారు.

బెంచీల మీద జనం లేచి నిలబడ్డారు. పాలెగాడి వీపు ఇప్పుడు ఎర్రకోట్ల వైపు. నా కొంగు తగిలితే కసిరిన మనిషి! ఈ ఆట కోసం అన్నం మానుకున్న మనిషి! అక్క ఒక్క మాటంటే గెలిచే ఆటను చేతులారా పోగొట్టుకున్నాడు. చేతిలోని నీళ్ళచెంబు అక్కడే విసిరికొట్టేదాన్నే.

అంతలో ఆయన, "వదినా, ఆ కళ్ళు చూసినారా?" అన్నారు. "మీ చెల్లెలు పెట్టింది. బాగుండాయి గదా?"

బజారు బజారంతా విన్నది. నా చేతిలోని చెంబు చేతిలోనే ఉండిపోయింది.

అక్క ముందుకు వంగింది. చాలాసేపు చూసింది. "మెల్ల పడిందే!" అంది. "మూఢంలో తెరిస్తే మెల్ల రాక ఇంకేమొస్తాది?"

అందరూ ఘొల్లున నవ్వారు. మా ఆయన మాత్రం, "పాలెగాడన్నంక రెండు పక్కలా చూడొద్దా వదినా! ఒక కన్ను దొరల మీద, ఒక కన్ను మన ఊళ్ళో చాడీలు చెప్పేటోళ్ళ మీద. బాగుండాది. నాకు బాగుండాది" అన్నారు.

"నీకు బాగుండొచ్చు శెట్టీ, నీ పాలెగాడు నాకు వీపు చూపించినాడు. ఆట అయిపాయె" అన్నాడు సుబేదారన్న.

"పోనీలే అన్నా" అన్నారు మా ఆయన. అని, టేపు చుట్టేశారు.

నేను వంటింట్లోకి పోయి, ఉల్లిగడ్డలు తరగడానికి కూచున్నాను. కళ్ళల్లో నీళ్ళకు ఒక సాకు కావాలి కదా. అక్క నా వెనకే వచ్చింది. ఆ పూట సరిగ్గా తినలేదు. మరునాడు ఉదయం మొదటి బస్సుకే పోయింది. నాలుగు రోజులుంటానని వచ్చిన మనిషి.

ఆ తర్వాత మామూలుగానే ఒక డబ్బా నింపి పంపాను. అది పోయిన దారినే తిరిగి వచ్చింది. మూత తీస్తే మొహాలన్నీ బోడిగా, సఫేదా పూతతో అట్లాగే ఉన్నాయి. ఒక్క గీత పడలేదు. కండక్టరు తల గోక్కుంటూ, "మీ ఇంట్లోనే చెయ్యి ఉండాదంట గదా తల్లీ, ఇంక నాతో పనేముందని చెప్పమనింది" అన్నాడు.

మా ఆయనకు ఆ మాట అర్థం కాలేదు. "వదినకు ఒంట్లో బాగలేదేమో" అన్నారు. మగవాళ్ళకు ఏం తెలుస్తుంది? నాకు తెలుసు. ఆ మంటలో ఏళ్ళ తరబడి వండుకు తిన్నదాన్ని, నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? దాచడమెందుకు, మొదట సంతోషమే కలిగింది. మండనీ, ఒక్కసారి ఆమె కూడా రుచి చూడనీ అనుకున్నాను.

తర్వాత ఆ బోడిమొహాలను నేనే దిద్దడానికి కూచున్నాను. ఒకడు ఏడుస్తున్నట్టు వచ్చాడు. ఒకడికి మీసం చెంప మీదికి పోయింది. ఇంకొకడు అచ్చం మా కొట్టుకు వచ్చే పన్నుల గుమాస్తాలా తయారయ్యాడు. మా ఆయన చూసి ఏమీ అనలేదు. అనకపోతే బాగున్నట్టే అన్న లెక్క ఈసారి నాకే నవ్వు తెప్పించింది. టర్పెంటాయిల్ తెచ్చి అన్నీ తుడిచేశాను. తుడిచాక వాటిని మళ్ళీ డబ్బాలో పేర్చాను. పేర్చి, పైన పాలెగాణ్ణి పెట్టాను.

"వాణ్ణెందుకు పంపుతాండావ్?" అన్నారు మా ఆయన. ఆ గొంతులో కంగారు విని నాకు భలే సంతోషమైంది. అయినా మూత పెట్టేశాను.

"ఎడమకన్ను సరిచేయమని చెప్పు మా అక్కతో" అని కండక్టరుకు ఇచ్చాను. బస్సు కదిలాక, పరుగెత్తి ఆపి వెనక్కి తీసుకుందామా అనిపించింది. నాకు దొరికిన ఒక్క మాట ఆ కన్ను వల్లే దొరికింది. దాన్ని తుడిచి కొత్తది పెట్టడానికి ఆమె చేతికే ఇచ్చాను. ఇంతకంటే తలవంపు ఏముంటుంది?

డబ్బా చాలారోజులు రాలేదు. మూఢం పోయింది, పెళ్ళిళ్ళు మొదలయ్యాయి, సుబేదారన్న మనవణ్ణి చూసుకుని తిరిగి వచ్చాడు. అప్పుడొక మధ్యాహ్నం కండక్టరు తెచ్చి గడప మీద పెట్టిపోయాడు. నేనే మూత తీశాను. ముందు పాలెగాణ్ణి చూశాను. ఎడమకన్ను నేను పెట్టిన చోటే, ముక్కు పక్కనే ఉంది. ముట్టుకోలేదు. కింద దూది తీసి చూశాను.

దండంతా మెల్లకన్నే. ఒక్కొక్కడికీ మీసం నిటారుగా, పెదవి బిగువుగా, కుడికన్ను నేరుగా, ఎడమకన్ను ముక్కు పక్కకు.

మా ఆయన వచ్చి చూసి, గోడకు ఆనుకుని నవ్వారు. సుబేదారన్న బల్లకు అటు పక్క నిలబడి, "ఇదేందప్పా, ఎటు నుంచి పోయినా చూస్తాండారు!" అన్నాడు. నేను మాత్రం నవ్వలేదు. ఎక్కిరించిందా, మెచ్చుకుందా? ఆరోజే కాదు, ఇప్పటికీ తెలియదు. తర్వాత ఆళ్ళగడ్డ పోయినప్పుడు నిలదీసి అడిగాను కూడా. వక్క కత్తిరిస్తూ తల ఎత్తకుండా, "నాయకుడు ఎట్ల చూస్తే దండు అట్లే చూస్తాది. అంతే" అంది.

కానీ ఆరోజు డబ్బాలోంచి ఒకణ్ణి తీసుకుని పెరటి గట్టు మీద ఎండలో కూచుని చూశాను. పక్కన పాలెగాణ్ణి పెట్టుకుని చూశాను. చుక్క జారిన వాలు అదే, ముక్కుకు తగిలీ తగలని దూరం అదే. నా పొరపాటును ఎదురుగా పెట్టుకుని, మంచిరోజు చూసుకుని, ఊపిరి పట్టుకుని, ఒక్కొక్కణ్ణీ దిద్దింది. అక్క నా చెయ్యి చూసి దిద్దింది. మా అమ్మ ఉంటే ఆ డబ్బా తీసుకుపోయి చూపించేదాన్ని.

అయినా చెప్పొద్దూ, ఆ మెల్ల కూడా నాకంటే ఆమే బాగా పెట్టింది. నా కడుపు మళ్ళీ భగ్గున మండింది.